ఫిట్ ఏ వేళకు వచ్చింది?

ఫిట్స్ వచ్చిన పిల్లాణ్ణి తీసుకొస్తే మన దగ్గర మొదట అడిగేది "ఎన్నిసార్లు వచ్చాయమ్మా?" అని. రెండోది "ఎంతసేపు?" అని. మూడో ప్రశ్న దాకా వెళ్లేలోపే చీటీ సగం రాయడం అయిపోతుంది. ఆ తల్లి మాత్రం అడక్కుండానే అసలు సంగతి చెప్పేసి ఉంటుంది. శ్రీకాకుళం పల్లెల్లో ఆ మాట ఇలా ఉంటుంది: "తెల్లారగట్ల బాబూ. గుంటడు గురగురమంటన్నాడని లేచి సూస్తే మూతి ఓ పక్కకి పోతంది, సొంగ కారతంది. పేరెట్టి పిలిస్తే సూస్తన్నాడు గానీ మాట రానేదు." రోగం పేరు దాదాపుగా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. తెల్లవారుజాము, ముఖంలో ఒక పక్క, సొంగ, తెలివి ఉండీ మాట పడిపోవడం. వీటిలో మొదటిదాన్నే ఎవరూ రాసుకోరు.

పిల్లల మూర్ఛలో 'ఎన్ని' కంటే 'ఎప్పుడు' పెద్ద ప్రశ్న అన్నది నా వాదన. పడుకున్నాక ఎంతసేపటికి? లేవడానికి ఎంత ముందు? లేచాక ఎంతసేపటికి? ఇవి రాసుకోకుండా మందు మొదలుపెడతారు. నిద్రను నమోదు చేయకుండా తీసిన ఈఈజీ (తల మీద తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలుగా రాసే పరీక్ష) చూసి నార్మల్ అనేస్తారు. ఫిట్స్ ఆగాయి కదా, ఇక అంతా బాగున్నట్టే అనుకుంటారు. ఈ మూడు పొరపాట్లకూ వేరు ఒక్కటే: నిద్రను రోగానికి బయట పెట్టి చూడటం.

నిద్రలోకి జారుతున్న పిల్లాడి తల మీద తీగలు అంటించి చూస్తే ఏం కనిపిస్తుందో ముందు చెప్పాలి. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్న ఏడెనిమిదేళ్ల పిల్లాడికి తల వెనక భాగాన సెకనుకు తొమ్మిదీ పదిసార్లు ఊగే లయ ఒకటి ఉంటుంది. మగత కమ్ముతుంటే అది చెదిరిపోతుంది. చిన్నపిల్లల్లో ఈ మగతలోనే సెకనుకు మూడు నుంచి ఐదు చొప్పున పెద్ద పెద్ద అలలు గుంపుగా లేచి పడతాయి. ఇది పూర్తిగా మామూలు సంగతి. పెద్దవాళ్ల ఈఈజీలే ఎక్కువగా చదివే చేతిలో పడితే మాత్రం దీన్నే మూర్ఛ విద్యుత్తు అని రాసేస్తారు, ఏ రోగమూ లేని పిల్లాడు ఏళ్ల తరబడి మందు మింగుతాడు.

ఇంకాసేపటికి నడినెత్తిన పదునైన అలలు వస్తాయి. వాటి వెనకే అసలు సరుకు: సెకనుకు 11 నుంచి 16 సార్లు ఊగుతూ, అర సెకను నుంచి రెండు మూడు సెకన్ల పాటు ఉండి ఆగిపోయే చిన్న కట్టలు. 1935లో అమెరికాలో లూమిస్ బృందం వీటిని వర్ణించింది. ఈఈజీ గదిలో అందరూ స్పిండిల్స్ అంటారు. ఆ మాటకు తెలుగు కదురు. పొందూరులో నూలు వడికేవాళ్లకు ఆ కాగితం చూపిస్తే వివరించే పనే ఉండదు. రెండు కొసలా సన్నం, నడుమ లావు, అచ్చం నూలు చుట్టిన కదురే. నేనిక్కడ కదురు అనే రాస్తాను.

కదుర్లు పుట్టేది మెదడు పైపొరలో కాదు, లోపల థాలమస్ అనే గడ్డలో. దాని చుట్టూ పలచటి పొరలా ఉండే రెటిక్యులర్ కణాలు లోపలి కణాలను కాసేపు నొక్కిపెడతాయి. అలా నొక్కి వదిలినప్పుడు లోపలి కణాల్లో టీ రకం కాల్షియం ద్వారాలు తెరుచుకుని ఒక్కసారిగా గుప్పుమని సంకేతాలు పైపొరకు వెళతాయి. అవే సంకేతాలు తిరిగి రెటిక్యులర్ కణాలను తడతాయి, అవి మళ్లీ నొక్కుతాయి. ఇలా సెకనుకు పన్నెండుసార్లో పద్నాలుగుసార్లో తిరిగే చక్రమే కదురు. నిద్ర ఇంకా లోతుకు వెళితే సెకనుకు ఒకటీ రెండు చొప్పున నెమ్మది అలలు వస్తాయి. ఒక్కో అలలో పైపొర కణాలన్నీ కలిసి కాసేపు ఊరుకుంటాయి, తర్వాత కలిసి మోగుతాయి. వరినాట్లలో పాట అందుకున్న మనుషులు ఒకే లయలో వంగి లేచినట్టు ఉంటుంది.

ఈ లయలన్నీ ఊరికే లేవు. పగలు నేర్చుకున్నదాన్ని రాత్రి కదుర్లూ నెమ్మది అలలూ కలిసి మెదడులో పాతుకునేలా చేస్తాయి. పగలంతా బలపడిన కణాల జోడింపులను నెమ్మది అలలు కాస్త వదులు చేసి మర్నాటికి చోటు మిగులుస్తాయన్నది టొనోనీ, చిరెల్లీ 2003లో ముందుకు తెచ్చిన సిద్ధాంతం. మన పాతవాళ్లు ఈ రోగానికి పెట్టిన పేరు అపస్మారం, అంటే స్మృతి తొలగిపోవడం. వాళ్ల ఉద్దేశం తెలివి తప్పడమే కావచ్చు. కానీ ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే ఆ పేరు పిల్లల విషయంలో ఇంకా లోతుగా సరిపోతుంది.

మూర్ఛ ఇక్కడే చొరబడుతుంది. కణాలన్నీ ఒకే లయలోకి రావడం నిద్రకు అవసరం. మూర్ఛకు కావలసిందీ అదే. పైపొరలో ఒక చోట కణాలు కాస్త ఎక్కువ ఉద్రేకంగా ఉన్నాయనుకోండి. మెలకువలో చుట్టుపక్కల కణాలు ఎవరి పనిలో అవి ఉంటాయి కాబట్టి ఆ ఉద్రేకం అక్కడే ఆగిపోతుంది. నిద్రలో థాలమస్ కొట్టే తాళానికి ఆ చోటు అతిగా స్పందిస్తుంది, కదురు రావలసిన చోట స్పైకు పడుతుంది. స్పైకు అంటే సెకనులో పధ్నాలుగో వంతు కూడా ఉండని సూదిమొన, దాని వెనకే ఒక నెమ్మది అల. కనురెప్పల కింద కళ్లు కదిలే కలల నిద్రలో ఈ తాళం విడిపోతుంది, కండరాలు సడలిపోతాయి. ఫిట్లు అతి తక్కువగా వచ్చేది అప్పుడే. నిద్రలో ఈఈజీ తీస్తే మూర్ఛ గుర్తులు బాగా బయటపడతాయని గిబ్స్ దంపతులు 1947లోనే రాశారు. ఇన్నేళ్లయినా పది నిమిషాల పగటి ఈఈజీతో తేల్చేయడం మాత్రం మానలేదు.

మొదట చెప్పిన తెల్లవారుజాము పిల్లాడి దగ్గరికి వద్దాం. దాన్ని చాలాకాలం రోలాండిక్ మూర్ఛ అన్నారు. 2022లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం పేరు మార్చి, తనంతట తానే తగ్గే మూర్ఛల్లో చేర్చింది. ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల మధ్య మొదలవుతుంది. పడుకున్న గంటలోపు, లేదా లేవడానికి గంటా రెండు గంటల ముందు వస్తుంది. రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. నాలుక, పెదవి, దవడ, చెంప కదలికలను చూసే మెదడు భాగం చెవికి కాస్త పైన ఉంటుంది, స్పైకులు పడేది అక్కడే. అందుకే సొంగ, అందుకే గురగుర, అందుకే మాట రాకపోవడం. సుమారు 30 శాతం మందిలో స్పైకులు నిద్రలోనే కనిపిస్తాయి, మెలకువలో కాగితం తెల్లగా ఉంటుంది. పదిలో ఒకరిద్దరికి జీవితంలో ఒక్కసారే వస్తుంది. పదహారేళ్లు దాటేసరికి దాదాపు అందరికీ ఆగిపోతుంది.

తనంతట తగ్గేదే అయితే ఇంత రాద్ధాంతం ఎందుకని అడగొచ్చు. ఈ పిల్లల్లో కొందరికి చదవడం, మాటలు వెతుక్కోవడం, ధ్యాస నిలపడం కష్టంగా ఉంటుంది. ఫిట్ ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చినా సరే. బోస్టన్ పరిశోధకులు 2021లో చూపించింది ఇక్కడ పనికొస్తుంది. రోగం చురుగ్గా ఉన్న పిల్లల్లో స్పైకులు పడే ప్రాంతంలో కదుర్లు తగ్గిపోయాయి. పిల్లల చురుకుదనంలోని తేడాలకు స్పైకుల లెక్క కంటే ఆ కదుర్ల లెక్కే ఎక్కువగా సరిపోయింది. తప్పును ఎంతసేపూ స్పైకు మీదే వేయడం మానాలని నేననేది ఇందుకే. ఎన్ని స్పైకులు పడ్డాయన్నది ఒక ప్రశ్న, ఎన్ని కదుర్లు పోయాయన్నది ఇంకో ప్రశ్న. మన రిపోర్టుల్లో రెండో దానికి గడే లేదు.

ఇంకో సంగతి. పిల్లలు ఎదిగేకొద్దీ గాఢనిద్ర అలలు బలంగా కనిపించే చోటు తల వెనక నుంచి ముందుకు జరుగుతుందని 2010లో జ్యూరిక్ పరిశోధకులు రాశారు. మూర్ఛలూ వయసును బట్టి దాదాపు అదే దారిలో నడుస్తాయి. మూడు నుంచి ఆరేళ్ల మధ్య వెనక భాగానివి, ఏడెనిమిదికి నడిమివి, కౌమారంలో ముందువి. ఇది రుజువని చెప్పను. కానీ కౌమారంలో నెమ్మది అలల బలం బాగా పడిపోయే కాలమూ, చిన్ననాటి మూర్ఛలు వదిలిపోయే కాలమూ ఒకటే కావడం కాకతాళీయమని మాత్రం అనుకోను.

వేళను బట్టి రోగం ఎలా మారుతుందో చూడండి. ఆర్నెల్ల పసిబిడ్డ నిద్ర లేవగానే ఒక్కసారి ముందుకు వంగి చేతులు చాస్తాడు, కొన్ని సెకన్లకు మళ్లీ, మళ్లీ, వరసగా పదీ ఇరవై సార్లు. ఇంట్లో ఉలికిపాటు అనుకుంటారు, కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పడతారు. ఇది ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అనే పసిబిడ్డల మూర్ఛ అయితే ప్రతి వారమూ విలువైనదే. ఏసీటీహెచ్, ఎక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ లాంటి మందులు ఎంత తొందరగా మొదలైతే బిడ్డ ఎదుగుదల అంత మిగులుతుంది. దీనికి సరిగ్గా ఎదురుది ఒకటుంది. పుట్టిన మొదటి వారాల్లో కొందరు పసికందులకు నిద్రలో మాత్రమే చేతులు కాళ్లు టకటకా అదురుతాయి, లేపగానే ఆగిపోతాయి. దానికి మందే అక్కర్లేదు. లేపి చూడటమే పరీక్ష.

నాలుగేళ్ల పిల్ల అర్ధరాత్రి లేచి వాంతి చేసుకుంటుంది, ముఖం పాలిపోతుంది, కళ్లు ఒక పక్కకు తిరిగి అలాగే ఉండిపోతాయి, పిలిస్తే పలకదు. ఉద్దానం వైపైతే పనసతొనలు ఎక్కువ తినేసిందని తేల్చేస్తారు. సెలైన్ ఎక్కిస్తారు, పొద్దున్నకు మామూలవుతుంది, సెలైనే పనిచేసిందనుకుంటారు. తనంతట తగ్గే మూర్ఛల్లో ఇదీ ఒకటి. ఎక్కువగా నిద్రలోనే వస్తుంది, అరగంట దాకా సాగవచ్చు. వాంతితో పాటు కళ్లు పక్కకు తిరిగాయా అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

పదిహేనేళ్ల అమ్మాయి పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే బ్రష్ ఎగిరిపడుతుంది, టీ గ్లాసు చేతిలోంచి జారుతుంది. "చేతులకి పట్టు నేదా?" అని మామ్మ కసురుకుంటుంది. లేచిన గంటలోపు వచ్చే ఈ కుదుపులు జువెనైల్ మయోక్లోనిక్ మూర్ఛకు గుర్తు. పెద్ద ఫిట్ వచ్చి కింద పడేదాకా ఎవరూ వీటి సంగతి చెప్పరు, చెప్పాలని తెలియదు కాబట్టి. ఇక పడుకున్న గంటా రెండు గంటలకు కేకపెట్టి లేచి కూర్చుని, పది నిమిషాలు ఎవరినీ గుర్తుపట్టక, మళ్లీ పడుకునే పిల్లలది చాలావరకు నిద్రలో భయం, మూర్ఛ కాదు. ఒకే రాత్రి నాలుగైదుసార్లు, ఒక్కోటీ నిమిషంలోపు, ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు ఒకే కదలిక ఉంటే అప్పుడు మూర్ఛ అని అనుమానించాలి. దిగతుడుపులు అయ్యాక కాదు, ఆ వారంలోనే.

ఒక హెచ్చరిక. బడి వయసులో ఒక పక్క ఫిట్ రాగానే రోలాండిక్ అనేయకూడదు. మన దేశంలో బద్దెపురుగు గుడ్లు నీళ్లతోనో పచ్చి కూరలతోనో లోపలికి పోయి మెదడులో కణితి కట్టడం మామూలే. మెలకువలో వచ్చినా, ఒక చెయ్యి బలహీనపడినా, తలనొప్పి వదలకపోయినా స్కాన్ తప్పదు.

ఇప్పుడు ఈఈజీ. పద్ధతి కాగితం మీద తేలిక. ఇరవై ఒక్క తీగలు తలమీద కొలత ప్రకారం అంటించాలి, మెలకువ, నిద్ర, లేవడం మూడూ రాయాలి. మన జిల్లాల్లో చెడేది దారిలో. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్లకు పైమాట. "రాత్రి నిద్ర ఆపి తీసుకురండి" అని చీటీ మీద రాస్తారు. పిల్లాణ్ణి రాత్రి పన్నెండు దాకా కూర్చోబెడతారు, నాలుగింటికి లేపుతారు, రైలెక్కుతారు. పలాస దాటేసరికి కిటికీ పక్కన తల వాలుతుంది. ఆమదాలవలసకి గాఢనిద్ర. విజయనగరంలో టీ కేకలకు లేస్తాడు. పదింటికి ఈఈజీ బల్లమీద కళ్లు తాటిముంజల్లా చేసుకుని ఫ్యాను వంక చూస్తుంటాడు. కావలసిన నిద్రంతా దారిలోనే అయిపోయింది. రిపోర్టు: మెలకువ రికార్డు, నార్మల్.

ఇది తప్పించాలంటే కొన్ని పనులున్నాయి. అపాయింట్‌మెంట్ మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత అడగాలి. ఐదారేళ్ల వాళ్లను రాత్రంతా మేల్కొలపనక్కర్లేదు, రోజూ కంటే రెండు గంటలు ఆలస్యంగా పడుకోబెట్టి రెండు గంటలు ముందు లేపితే చాలు. పన్నెండేళ్లు దాటినవాళ్లకు పన్నెండు నుంచి నాలుగు. ప్రయాణంలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు కునికితే ఇంకొకరు పిల్లాణ్ణి నిద్రపోకుండా చూడటానికి. ముందురోజు షాంపూతో తలంటి పోసి, నూనె చుక్క కూడా రాయకూడదు. ఇది ఎంత చెప్పినా జరగదు, ఊరెళుతున్న పిల్ల తలకు నూనె పెట్టి నున్నగా దువ్వకపోతే నాయనమ్మ ఊరుకోదు. నూనె ఉంటే తీగ చర్మానికి సరిగా అతుక్కోదు, గోడలోని కరెంటు 50 హెర్ట్జ్ చప్పుడుగా గీతల్లోకి దిగుతుంది. వేసవి ఉక్కలో చెమట పడితే గీతలు నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతాయి, అజాగ్రత్తగా చదివితే అవే నెమ్మది అలల్లా కనిపిస్తాయి. గది చల్లగా ఉండాలని అడగడం తప్పేం కాదు.

పిల్లాణ్ణి ఖాళీ కడుపుతో ఉంచకూడదు. పాలో అన్నమో బల్ల ఎక్కే అరగంట ముందు పెట్టాలి, టీ ఇవ్వకూడదు. ఇంట్లో కప్పుకునే దుప్పటి వెంట తెచ్చుకోవాలి. రోజూ వేసే ఫిట్స్ మందు ఆపమని రాసి ఇస్తే తప్ప ఆపకూడదు. నిద్ర పట్టకపోతే చాలాచోట్ల ట్రైక్లోఫాస్ సిరప్ ఇస్తారు, మెలటోనిన్ ఇంకా నయం, గీతలను పెద్దగా చెరపదు. నిద్రకని మిడజోలమ్ లాంటిది ఇస్తే మాత్రం స్పైకులే అణిగిపోతాయి, పరీక్షకు అర్థం ఉండదు. నిద్ర పట్టాక కనీసం అరగంట రాయించాలి. రిపోర్టు చేతికి రాగానే చూడవలసింది 'నార్మల్' అన్న మాట కాదు, రెండో దశ నిద్ర, అంటే కదుర్లు కనిపించే నిద్ర, నమోదైందని రాశారా లేదా అన్నది. రాయకపోతే ఆ పరీక్ష సగమే జరిగింది. మూర్ఛ ఉన్నవాళ్లలోనూ మొదటి ఈఈజీలో గుర్తులు దొరికేది సుమారు సగంమందికే.

ఎదుటి వాదనకూ బలం ఉంది, దాచను. నిద్ర ఈఈజీలు పెరిగితే స్పైకుల పేరుతో మందులూ పెరుగుతాయని అనుభవజ్ఞులు భయపడతారు. ఆ భయం నిజమైనదే. ఏ ఫిట్టూ రాని, ఆరోగ్యంగా ఉన్న బడిపిల్లల్లో నూటికి ఒకరిద్దరికి నిద్రలో రోలాండిక్ స్పైకులు ఉంటాయి. వాళ్లలో ఎక్కువమందికి ఎన్నడూ ఫిట్ రాదు. తలనొప్పి అని వెళ్లినవాడికి ఈఈజీ తీసి, స్పైకు చూసి, మూడేళ్లకు వాల్‌ప్రోయేట్ రాయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. రాత్రిళ్లు రెండుసార్లు వచ్చిపోయిన మామూలు రోలాండిక్ పిల్లాడికి కూడా మందు లేకుండా కనిపెట్టుకుని ఉండటం సరైన వైద్యమే. దీనికి విరుగుడు ఈఈజీలు తగ్గించడం కాదు, స్పైకులకు కాక పిల్లాడికి వైద్యం చేయడం.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. 1957లో అమెరికాలో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు, బాగా మాట్లాడే పిల్లలు ఉన్నట్టుండి మాట అర్థం కాని స్థితికి వెళ్లడాన్ని వర్ణించారు. 1971లో పాత్రీ, లియాగుబీ, టస్సినారీ ఆరుగురు పిల్లల్లో ఇంకో వింత చూపారు: మెలకువలో కొద్దిగా ఉన్న స్పైకులు నిద్రపట్టగానే ఆగకుండా కురుస్తాయి, రాత్రంతా. ఫిట్టు పైకి కనిపించదు. కొలత ఇలా ఉంటుంది. కలలు రాని నిద్రలో వంద సెకన్లు తీసుకుని, ఎన్ని సెకన్లలో కనీసం ఒక స్పైకు-అల పడిందో లెక్కపెడతారు. ఎనభై ఏడు సెకన్లలో పడితే 87 శాతం. మొదట్లో 85 దాటితేనే ఆ రోగం అనేవారు, ఇప్పుడు 50 శాతం దాటి పిల్లాడి తెలివితేటలో మాటో నడకో వెనక్కి పోతుంటే చాలంటున్నారు.

మామూలు పిల్లల్లో నెమ్మది అలల ఏటవాలు రాత్రి మొదటి గంటలో నిటారుగా ఉండి తెల్లారేసరికి తగ్గుతుంది. జోడింపులు వదులయ్యాయనడానికి అది గుర్తు. స్పైకులు ఎడతెరిపి లేకుండా పడే పిల్లల్లో ఆ తగ్గుదల సరిగా జరగదు. రాత్రంతా పడుకుంటాడు, మెదడు మాత్రం పొద్దుటి పలక తుడవకుండానే లేస్తుంది.

ఇంట్లో ఇది ఎలా కనబడుతుందంటే, ఐదేళ్ల పిల్ల పిలిస్తే పలకదు. చెవుడనుకుంటారు. చెవుల డాక్టరు పరీక్ష చేసి బాగానే ఉందంటాడు. టీవీ చప్పుడుకు తిరుగుతుంది గానీ "అమ్మా, నీళ్లు తే" అంటే ముఖంలోకి చూస్తుంది. టీచరు మొండి అంటుంది. ఫిట్లా? ఏడాది కింద ఒకటి వచ్చింది, మందుతో ఆగిపోయింది. 'ఎన్ని' అని అడిగేవాడికి ఈ పిల్ల బాగుపడిన కేసు. 'నిద్రలో ఏముంది' అని అడిగేవాడికి ఇది ఆ వారమే నిద్ర ఈఈజీ తీయవలసిన కేసు. ఇక్కడ మందే పగ కావచ్చు. మెదడులో ఒక చోట మొదలయ్యే ఫోకల్ ఫిట్లకు మంచి మందులైన కార్బమజిపైన్, ఆక్స్‌కార్బజిపైన్, ఫెనిటాయిన్, అలాగే ఫినోబార్బిటోన్ కొందరు పిల్లల్లో నిద్ర స్పైకులను పెంచుతాయి. ఫిట్ ఆగుతుంది, మాట పోతుంది. మందు మార్చి, స్టెరాయిడ్లో, రాత్రిపూట క్లోబజామో డయజెపామో, సల్థియామో వాడాల్సి రావచ్చు. ఏది ముందన్నది పిల్లల న్యూరాలజిస్టు చూసి తేల్చాలి. కార్బమజిపైన్, ఫెనిటాయిన్ పొద్దుటి కుదుపుల రోగాన్ని కూడా పెంచుతాయి. అక్కడ బాగా పనిచేసే వాల్‌ప్రోయేట్ ఆడపిల్లలకు రాయాలంటే, రేపటి గర్భానికి చేసే హాని గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడకుండా రాయకూడదు.

మందు కొలతలో జరిగేదొకటి చెప్పి తీరాలి. 20 కిలోల పిల్లాడికి లెవెటిరాసిటమ్ రోజుకు కిలోకు 20 మి.గ్రా. చొప్పున 400 మి.గ్రా., రెండు పూటలుగా అనుకుందాం. మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే సిరప్ అయితే పూటకు 2 మి.లీ. ఇంట్లో చెంచాతో పోస్తే 5 మి.లీ., అంటే రెండున్నర రెట్లు. వాల్‌ప్రోయేట్ సిరప్ సాధారణంగా 5 మి.లీ.కి 200 మి.గ్రా., అంటే మి.లీ.కి 40. మందు మారినప్పుడు పాత కొలతే పోస్తే ఎంత తేడా వస్తుందో లెక్క మీరే చూసుకోండి. సూది తీసేసిన సిరంజి ఒక్కటే నమ్మదగ్గ కొలత.

నిద్ర చెడగొట్టే సంగతి మన దగ్గర పండగతో ముడిపడింది. శివరాత్రికి ముఖలింగంలో జాగారం, తెల్లారి వంశధారలో మునక. దసరా అయ్యాక విజయనగరంలో సోమవారం రాత్రి తొలేళ్లు, మంగళవారం సిరిమాను. మూర్ఛ ఉన్న పిల్లాడు పండగకు వెళ్లకూడదని అనను, ఆ మాట ఎవరూ వినరు కూడా. రాత్రి పదికల్లా పడుకోబెట్టి పొద్దున్న తీసుకెళ్లండి, రాత్రి డోసు ఎక్కడున్నా వేళకు వేయండి, నీళ్లలోకి ఒంటరిగా దింపకండి. పొద్దుటి కుదుపుల పిల్లలకు ఒక్క రాత్రి జాగారం మూడు నెలల మందును ఓడించగలదు. ఇంటర్ హాస్టళ్లలో ఏ పండగా లేకుండానే రోజూ జాగారం. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, నాలుగున్నరకు గంట. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, ఇది ఐదున్నర. మూర్ఛ ఉన్న విద్యార్థికి ఆరు దాకా పడుకునే వెసులుబాటు కావాలని డాక్టరు చేత కాగితం రాయించుకోవడం తల్లిదండ్రుల హక్కు. గురక పెట్టే పిల్లలకు టాన్సిల్స్, ముక్కు వెనక గడ్డలు చూపించడం కూడా ఈ లెక్కలోదే. ఊపిరి ఆగి ఆగి తెగిన నిద్ర జాగారంతో సమానం.

రాత్రి ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర గుడ్డ వదులు చేయాలి, ఫోన్‌లో టైము చూడాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం వద్దు. చెంచాతో పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఐదు నిమిషాలు దాటితే డాక్టరు ముందే రాసిచ్చిన మిడజోలమ్ ముక్కు స్ప్రే కొట్టాలి. మోతాదు కిలోకు 0.2 మి.గ్రా. పదిహేను కిలోల పిల్లకు 3 మి.గ్రా. నొక్కుకు 0.5 మి.గ్రా. వచ్చే సీసా అయితే ఆరు నొక్కులు, ముక్కు ఒక్కో వైపు మూడు. సీసా మీద బలం చదువుకోవాలి, అన్నీ ఒకటి కావు. కొత్త సీసాను తెచ్చిన రోజే గాల్లోకి రెండు మూడుసార్లు నొక్కి చూసుకోవాలి, ఫిట్ వచ్చాక మూత తీస్తే మొదటి నొక్కుల్లో గాలే వస్తుంది. 108కి ఫోన్ ఒకరు, పిల్ల దగ్గర ఒకరు. ఇంకొకరుంటే వీడియో తీయాలి. ముఖం, రెండు చేతులు, కళ్లు కనబడేలా, లైటు వేసి, దుప్పటి తీసి. తీసేది తండ్రైతే ఏడుస్తూ పిలవడం కాదు, పేరు అడిగి జవాబు వస్తుందో లేదో వినబడేలా తీయాలి.

దోమతెరకు ఒక పుస్తకం కట్టి ఉంచుకోండి. ఫిట్ వచ్చిన రాత్రి అందులో రాయవలసింది ఇంతే: పడుకున్నది తొమ్మిదీ పది. గురగుర వినబడ్డది నాలుగూ ముప్పై ఐదు. మూతి కుడిపక్కకు. చూస్తున్నాడు, మాట లేదు. ఆగింది నాలుగూ ముప్పై ఏడు. మళ్లీ పడుకున్నది ఐదుకి. రాత్రి డోసు వేశాం. ముందురోజు మధ్యాహ్నం నిద్ర లేదు, పెళ్లికి వెళ్లొచ్చాం.